కాన్పు అయిపోయినా పోని కష్టం: ఎక్కువసేపు నొప్పులు పడిన తల్లుల గురించి
(మండల సమాఖ్య వార్షిక మహాజన సభలో ఆరోగ్య ఉపసంఘం తరఫున చదివిన ప్రసంగ పాఠం)



రికవరీ లెక్కలు, బ్యాంకు లింకేజీ, స్త్రీనిధి అన్నీ ఇందాక చదివారు. మాకు ఇచ్చింది ఆరోగ్యం. పోయిన ఏడు రక్తహీనత గురించి చెప్పుకున్నాం. ఈసారి చెప్పేది కొంచెం సిగ్గుపడే విషయం. సభలో మగ ఉద్యోగులు కూడా ఉన్నారు, ఉండనివ్వండి, వాళ్ల ఇళ్లలోనూ కాన్పులు అవుతాయి.

ఈ విషయం ఎందుకు ఎత్తుకున్నామంటే, మేము మా గ్రామ సంఘం అప్పుల పుస్తకం తిరగేశాం. గేదెకు, ఎరువులకు, పిల్లల ఫీజుకు, కుట్టు మిషనుకు అని కారణాలు రాసి ఉంటాయి కదా. వాటి మధ్యలో కొన్ని చోట్ల "ఆసుపత్రి" అని ఒకటే మాట. ఏం ఆసుపత్రి అని ఒక్కొక్కరినీ పక్కన కూర్చోబెట్టుకుని అడిగితే, అందులో గర్భసంచి తీయించుకున్న ఖర్చులు బయటపడ్డాయి. అందరూ నలభై దాటని వాళ్లే. ఎందుకు తీయించుకున్నావమ్మా అంటే ఒకరు కింద బరువుగా ఉండేదన్నారు. ఒకరు దగ్గితే, తుమ్మితే బట్ట తడిసిపోయేదన్నారు. ఒకామె గొంతుకు కూర్చుంటే గుడ్డు లాంటిది చేతికి తగిలేదని చెప్పి ఏడ్చింది. ఎప్పటి నుంచి అని వెనక్కి అడుగుతూ పోతే మాట మొదటి కాన్పు దగ్గర ఆగింది. "రాత్రంతా నొప్పులు పడ్డాను, పొద్దునకు కూడా బిడ్డ రాలేదు" అన్న మాట ఎక్కువ మంది నోట విన్నాం.

ముందు ఒంట్లో ఏం జరుగుతుందో చెప్పుకుందాం. ఏఎన్ఎం మేడం దగ్గర, డాక్టరమ్మల దగ్గర అడిగి, మాకు అర్థమైన మాటల్లో చెబుతున్నాం.

మన పొత్తికడుపు కింద, ముందు వైపు ఎముక నుంచి వెనక తోక ఎముక దాకా ఒక కండరాల పొర ఉంటుందండి. డాక్టర్లు పెల్విక్ ఫ్లోర్ అంటారు. మనం కటి కండరాలు అనుకుందాం. మూత్రసంచి, గర్భసంచి, మలపేగు ఈ మూడింటినీ కింద నుంచి మోసేది అదే. నులక మంచం అల్లిక ఎలా ఉంటుందో అలా అనుకోండి. కొత్త మంచం మీద ఒకసారి బరువు పడితే కిందకు కుంగి మళ్లీ పైకి లేస్తుంది. ఒకే చోట రాత్రంతా బరువు నొక్కితే అక్కడ నులక సాగిపోతుంది, ఒక్కోసారి తెగిపోతుంది కూడా. బిడ్డ తల కిందకు దిగేటప్పుడు ఈ కండరాల్లో లోపలి పోగులు మామూలు పొడుగుకు మూడు రెట్లు పైనే సాగుతాయని లెక్క కట్టారు. ఆడదాని ఒళ్లు దానికి తయారయ్యే ఉంటుంది, అందుకే ఎక్కువ మందికి కొన్ని వారాల్లో, నెలల్లో సర్దుకుంటుంది. తల అక్కడే గంటల కొద్దీ ఆగిపోయినప్పుడు కండరం నలుగుతుంది, దానికి వెళ్లే నరం నలుగుతుంది, మూత్రసంచి నలుగుతుంది. పట్టకారు వేసి లాగితే ఈ కండరం ఎముక దగ్గర ఊడిపోయే ప్రమాదం ఇంకా పెరుగుతుంది.

ఎక్కువసేపు అంటే ఎంతసేపు? ఈ ప్రశ్న మాకు కూడా వచ్చింది. నొప్పులు మొదలైన దగ్గర నుంచి గర్భసంచి ముఖద్వారం పూర్తిగా, అంటే 10 సెంటీమీటర్లు తెరుచుకునేదాకా ఒక దశ. అక్కడి నుంచి బిడ్డ బయటపడేదాకా రెండో దశ. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ఇచ్చిన సూచనల ప్రకారం, ముఖద్వారం 5 సెంటీమీటర్లు అయ్యాక పూర్తిగా తెరుచుకోవడానికి తొలి కాన్పులో మామూలుగా 12 గంటలు దాటదు, తర్వాతి కాన్పుల్లో 10 గంటలు దాటదు. రెండో దశ తొలి కాన్పుకు 3 గంటల లోపు, తర్వాతి వాటికి 2 గంటల లోపు అయిపోతుంది. ఈ కటి కండరాలకు దెబ్బ తగిలేది ముఖ్యంగా రెండో దశలోనే. గంటలు దాటగానే కోసేయమని దాని అర్థం కాదు. తల్లి నాడి, బిడ్డ గుండె, తల ఎంత దిగింది అని కాగితం మీద గీసుకుంటూ చూడాలి. దాన్ని పార్టోగ్రాఫ్ అంటారు. అది రాస్తున్నారా అని అడిగే హక్కు మనకుంది.

మొదటి నొప్పికే కంగారు పడి "ముక్కమ్మా, ముక్కు" అని తొందర పెట్టడం మన ఇళ్లలో పాత అలవాటు. వెనకటి మంత్రసానుల్లో చెయ్యి తిరిగిన వాళ్లు అలా తొందరపెట్టేవాళ్లు కాదని మా అమ్మమ్మలు చెప్పేవాళ్లు. ముఖద్వారం తెరుచుకోకముందే ముక్కితే తల్లికి అలుపు, ముఖద్వారానికి వాపు, కండరాలకు దెబ్బ. బిడ్డ ముందుకు రాదు. రెండోది, పొట్ట మీద మోచేతులు పెట్టి కిందకు నొక్కడం. మా సంఘంలో ఒక చెల్లికి కాన్పు గదిలో ఇద్దరు పొట్ట మీద ఎక్కి నొక్కినట్టు చేశారు. ఏ ఆసుపత్రో ఇక్కడ చెప్పడం లేదు. ఆమెకు కింద వెనక దారి దాకా చిరిగింది. ఆ తర్వాత చాలా నెలలు గ్యాస్ కూడా ఆపుకోలేకపోయేది, పెళ్లిళ్లకు వెళ్లడం మానేసింది, మన మీటింగుకు వచ్చినా గుమ్మం దగ్గరే కూర్చునేది. ఈ నొక్కుడు పనికిరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అదే 2018 సూచనల్లో రాసింది. తొలి కాన్పు అయితే చాలు అందరికీ కింద కోసి కుట్లు వెయ్యడం కూడా అలవాటుగా చెయ్యకూడదని రాసింది. అవసరం పడినప్పుడు వెయ్యాలి, అది వేరే సంగతి. తల్లి తనకు వీలైన పద్ధతిలో, పక్కకు పడుకునో కూర్చునో కనవచ్చని కూడా ఉంది. మన వాళ్లకు వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు పైకి కట్టడమే తెలుసు.

ఇంకొకటి ఎవరూ పట్టించుకోరు. నొప్పులు పడేటప్పుడు, కాన్పు అయిన తర్వాత ఒంటికి వెళ్లడం. మూత్రసంచి నిండి ఉంటే బిడ్డ తల దిగడానికి అడ్డం. కాన్పు తర్వాత ఆరు గంటలైనా ఒంటికి వెళ్లలేకపోతే నర్సుకు చెప్పాలి, గొట్టం వేసి తీస్తారు. "వస్తుందిలే, పడుకో" అంటే సంచి ఉబ్బిపోయి తర్వాత పట్టు తప్పుతుంది.

తల రోజుల తరబడి ఇరుక్కుపోయిన కాన్పుల్లో మూత్రసంచికి, యోనికి మధ్య చిల్లు పడుతుంది. దాన్ని ఫిస్టులా అంటారు. దగ్గినప్పుడు కారడం వేరు, ఇది వేరు. ఇందులో రాత్రీ పగలూ ఆగకుండా కారుతూనే ఉంటుంది. మన రాష్ట్రంలో 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 100కి 96 కాన్పులకు పైగా ఆసుపత్రుల్లోనే జరుగుతున్నాయి కాబట్టి ఇది బాగా తగ్గింది. అయినా కాన్పయ్యాక అలా ఆగకుండా కారుతుంటే ఇంట్లో దాచకండి. తొందరగా గుర్తిస్తే కొందరికి కొన్ని వారాలు గొట్టం ఉంచితేనే చిన్న చిల్లు మూసుకుంటుంది. లేకపోతే ఆపరేషన్‌తో బాగవుతుంది. మే 23ను ఐక్యరాజ్యసమితి ఈ జబ్బు కోసమే ఒక రోజుగా పెట్టిందంటే ప్రపంచంలో ఇంకా ఎంతమంది తల్లులు పడుతున్నారో చూడండి.

మన డెల్టాలో రోడ్లున్నాయి, 108 ఉంది, బిడ్డతో ఇంటికి దిగబెట్టే తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ ఉంది. కానీ నాగాయలంక అవతల ఎదురుమొండి దీవుల వాళ్లు పంటు మీద కృష్ణ దాటాలి. అవనిగడ్డ నుంచి విజయవాడ అరవై కిలోమీటర్లకు పైనే. "పొద్దున చూద్దాం" అని ఇంట్లో ఒక రాత్రి పోతుంది, చిన్న ఆసుపత్రిలో ఒక పూట పోతుంది, మచిలీపట్నమో విజయవాడో పొమ్మనేసరికి తల్లి ముక్కీ ముక్కీ సోలిపోయి ఉంటుంది. నెలలు నిండాక ఏ ఆసుపత్రికి వెళ్లాలి, ఏ బండి, రాత్రి అయితే ఎవరు తోడు అనేది ఎనిమిదో నెలలోనే రాసి పెట్టుకోవాలి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాన్పు గదిలోకి ఒక ఆడ తోడును రానివ్వాలని కేంద్ర ప్రభుత్వం 2016లోనే చెప్పింది. ఆ మాట చాలామందికి తెలియదు, అడగండి. పక్కన అమ్మో అత్తో చెయ్యి పట్టుకుని ఉంటే నొప్పులు సాఫీగా సాగుతాయి. తెలంగాణలో 2017 నుంచి ప్రభుత్వ ఆసుపత్రుల కోసం నర్సులకు ప్రత్యేకంగా మిడ్‌వైఫ్ శిక్షణ ఇప్పించడం మొదలుపెట్టారు. చదువుకున్న మంత్రసానులన్నమాట. మన దగ్గర కూడా ప్రతి పెద్ద ఆసుపత్రిలో అలాంటి వాళ్లు ఉంటే ఎంత బాగుంటుంది.

ఇక్కడ ఒక చెల్లి అడిగింది, "అక్కా, ఇంత బాధ ఎందుకు, పెద్దాపరేషన్ చేయించుకుంటే పోలా" అని. మన రాష్ట్రంలో అదే సర్వే ప్రకారం 100 కాన్పుల్లో 42 పెద్దాపరేషన్లే. ప్రైవేటులో 60 దాటాయి. ఆపరేషన్ కాన్పులో కింద కండరాలకు దెబ్బ తక్కువే, నిజమే. కానీ కడుపులో తొమ్మిది నెలల బరువు మోసిన సాగుడు ఆపరేషన్ అయినా ఉంటుంది. తల బాగా కిందకు దిగి గంటలు గడిచాక చేసిన ఆపరేషన్‌లో ఆ లాభం అంతంత మాత్రమే. పైగా కోత నొప్పి, తర్వాతి కాన్పుకు ప్రమాదం వేరే. అవసరం ఉన్నప్పుడు ప్రాణాలు కాపాడేది అదే. భయానికి చేయించుకునేది కాదు.

ఇక కాన్పు తర్వాత సంగతి. ఇందులో మనకు చేతనైనది చాలా ఉంది కాబట్టి నిదానంగా చెబుతాం.

మన పెద్దవాళ్ల పద్ధతుల్లో మంచివి ఉన్నాయి. పచ్చి బాలింతను లేవనివ్వకుండా, బరువు ఎత్తనివ్వకుండా, పుట్టింట్లో మూడు నెలలు ఉంచుకునేవాళ్లు. అది ఈ కండరాలకు అసలైన మందు. ఇప్పుడు ఆ విశ్రాంతి ఎవరికి దొరుకుతోంది? ఇరవై ఒకటో రోజున బావిలో చేద వేయించే ముచ్చట ఉంది కదా. వెనకటికి అది పసుపు కుంకుమ పెట్టి చేసే ఒక్క చేద. ఇప్పుడు ఆ రోజు నుంచే బిందెలకు బిందెలు మోయిస్తున్నారు. నాట్ల కాలం అయితే మరీ. మోకాలి లోతు బురదలో వంగి, నారు కట్టలు అందిస్తూ, గట్టు మీదకు మోస్తూ. నెలా రెండు నెలల బాలింతలు మినుము తీతకు వెళ్లడం కూడా మేము చూశాం. కూలి పోతుందని భయం.

పత్యం సంగతి కొంచెం మార్చుకోవాలి. నీళ్లు తాగితే బాలింతకు పొట్ట వస్తుందని, నెమ్ము చేస్తుందని దాహానికి కూడా కొలిచి ఇస్తారు. కూర ఉండదు, కారప్పొడి, వెల్లుల్లి, కాయం. దాంతో మలబద్ధకం. దొడ్డికి కూర్చుని ముక్కిన ప్రతిసారీ, కుట్లు ఆరని ఆ కండరాల మీద మళ్లీ కాన్పంత ఒత్తిడి. కాయం పెట్టండి, మేము వద్దనడం లేదు, దాంతోపాటు ఆకుకూర, పప్పు, పండు, సరిపడా నీళ్లు ఇవ్వండి. నడుముకు గుడ్డ బిగించి కట్టే అలవాటు ఉంది. వదులుగా కడితే నడుముకు ఆసరా. పొట్ట తగ్గాలని ఊపిరాడకుండా బిగిస్తే పైనుంచి నొక్కిన ఒత్తిడంతా కిందకే పోతుంది.

కసరత్తు ఇది. 1948లో ఆర్నాల్డ్ కెగెల్ అనే అమెరికా డాక్టరు దీన్ని రాశాడు కాబట్టి ఆయన పేరుతోనే పిలుస్తారు. పడుకునో కూర్చునో, గ్యాస్ వస్తుంటే నలుగురిలో ఎలా బిగబడతామో అలా వెనక దారిని, దాంతోపాటు ఒంటికి వచ్చే దారిని లోపలికి, పైకి లాగాలి. పొట్ట, తొడలు, పిర్రలు బిగించకూడదు. ఊపిరి ఆపకూడదు. మొదట మూడు అంకెలు లెక్కపెట్టేదాకా బిగించి వదలాలి, అంతసేపూ విశ్రాంతి. అలవాటయ్యే కొద్దీ పది అంకెలదాకా పెంచాలి. ఇలా పది సార్లు. ఆ తర్వాత టక్కున బిగించి టక్కున వదిలేవి ఇంకో పది. రోజుకు మూడు పూటలు, తక్కువలో తక్కువ మూడు నెలలు. నార్మల్ కాన్పు అయి గొట్టం తీసేశాక, నొప్పి ఓర్చుకోగలిగితే కొన్ని రోజుల్లోనే మొదలుపెట్టవచ్చు. వారం చేసి "ఏం లాభం లేదు" అని వదిలేసేవాళ్లే ఎక్కువ. సాగిన మంచం నులక కాళ్ల వైపు నుంచి రోజూ కొంచెం కొంచెం లాగి బిగిస్తాం కదా, ఒక్క లాగుడుకు బిగుస్తుందా? ఒంటికి పోసేటప్పుడు మధ్యలో ఆపి ఆపి చెయ్యవద్దు, కండరం ఏదో తెలుసుకోవడానికి ఒక్కసారి చూసుకుంటే చాలు. దగ్గే ముందు, బిందె ఎత్తే ముందు ఒకసారి బిగబట్టడం నేర్చుకుంటే ఆ తడవడం చాలా వరకు ఆగుతుంది. కండరం ఎక్కడుందో తెలియకపోతే పెద్ద ఆసుపత్రిలో ఫిజియోథెరపీ వాళ్లు నేర్పుతారు.

ఇది పత్తి బట్ట అడ్డం పెట్టుకుని గడిపేసే జబ్బు కాదని గుర్తు పెట్టుకోండి. తడుస్తుందని నీళ్లు తాగడం మానేస్తున్నారు. బస్టాండులో మరుగుదొడ్డి ఎలా ఉంటుందో అని విజయవాడ ప్రయాణం పొద్దుటి నుంచి నోరు ఎండగట్టుకుని చేస్తున్నారు. దానివల్ల మూత్రంలో మంట, ఇన్ఫెక్షన్, ఇంకా ఎక్కువ కారడం. పొయ్యి పొగకు వచ్చే ఆగని దగ్గు, షుగరు, ఒంటి బరువు కూడా దీన్ని పెంచుతాయి. కాన్పయి మూడు నెలలు దాటినా తడుస్తుంటే, బరువుగా గడ్డలా దిగుతుంటే, మొగుడితో కలిసినప్పుడు నొప్పి ఉంటే, మలం మీద పట్టు లేకపోతే ఆడ డాక్టరుకు చూపించాలి.

గర్భసంచి కొంచెం జారిన వాళ్లకు కసరత్తుతోనే బాగుంటుంది. ఇంకొంచెం జారితే లోపల పెట్టే రింగు ఉంటుంది, పెసరీ అంటారు. పెట్టుకుని పొలం పని కూడా చేసుకోవచ్చు, తీసి శుభ్రం చేసుకోవాలి, డాక్టరుకు చూపిస్తూ ఉండాలి. దాని పేరే మా సభ్యుల్లో ఎవరూ వినలేదు. గర్భసంచి తీసెయ్యడం మాత్రం అందరూ విన్నారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల్లో దేశం మొత్తం మీద 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 100కి సుమారు 3 మందికి గర్భసంచి తీసేస్తే, మన ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 9 మందికి తీసేశారు. దేశంలో మనమే ముందు. దీనికి ఎవరు చప్పట్లు కొట్టాలి? దగ్గితే మూత్రం పడే జబ్బు గర్భసంచి తీస్తే పోదు. అది మూత్రం దారి కండరాల జబ్బు. సాగిన కండరం సాగినట్టే ఉంటే, సంచి తీసేసిన చోట పై భాగం మళ్లీ జారవచ్చు. అండాశయాలు కూడా తీసేస్తే ముట్లు ఆగిన వాళ్లలా ముందే ఎముకలు గుల్లబారతాయి. అవసరం లేని గర్భసంచి ఆపరేషన్ల మీద కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2023 ఏప్రిల్‌లో తీర్పు చెబుతూ, కేంద్రం తయారు చేసిన మార్గదర్శకాలను రాష్ట్రాలన్నీ మూడు నెలల్లో అమలులోకి తేవాలని ఆదేశించింది. క్యాన్సరుకు, ఆగని రక్తస్రావానికి, పెద్ద గడ్డలకు, బాగా జారిపోయిన దానికి డాక్టర్లు తీయాలంటే తీయించుకోవాల్సిందే. ఆ భయం పెట్టుకోకండి.

ఇప్పుడు తీర్మానం దగ్గరకు వస్తాం. దీని మీద పాలకవర్గంలో వాదన జరిగింది. ఒకరు "మనం అప్పు ఇస్తాం, వాయిదా వసూలు చేస్తాం, డాక్టర్ల పనిలో మనకేంటి" అన్నారు. ఆ మాటలో నిజం ఉంది. అప్పు అడిగే సభ్యురాలిని పదిమందిలో నిలబెట్టి నీకేం జబ్బు అని అడగడం అవమానం. అందుకని మేము అడుగుతున్నది ఇంతే. గర్భసంచి ఆపరేషన్‌కు అప్పు అడిగితే, అత్యవసరం కానప్పుడు, ప్రభుత్వ ఆసుపత్రిలో ఇంకొక డాక్టరుకు చూపించుకుని రమ్మని ఒక్క మాట చెప్పాలి. విజయవాడ పాత ప్రభుత్వ ఆసుపత్రి ఉంది, మచిలీపట్నం ఉంది. తోడు కావాలంటే ఆరోగ్య ఉపసంఘం నుంచి ఒకరం వెళ్తాం, బస్సు చార్జీ గ్రామ సంఘం పెట్టుకోవాలి. చూపించుకుని వచ్చాక కూడా ఆమె తీయించుకుంటానంటే అప్పు ఆపకూడదు. ఆ ఒళ్లు ఆమెది.

రెండోది, కాన్పయిన సభ్యురాలికి మూడు నెలలు అంతర్గత అప్పు వాయిదా నిలుపుదల చెయ్యాలి. వాయిదా కోసమే కదా ఆమె నాట్లకు వెళ్తున్నది. బ్యాంకు అప్పు మన చేతిలో లేదు, అది సంఘం మొత్తం సర్దుకోవాలి. లెక్కలు రాసేవాళ్లకు కష్టమని తెలుసు, అయినా అడుగుతున్నాం.

మూడోది ఆశా చెల్లెళ్లకు. ఆసుపత్రిలో కాన్పయిన ఇంటికి మీరు 3, 7, 14, 21, 28, 42 రోజులకు ఆరుసార్లు వెళ్తారు. బిడ్డను తూకం వేస్తారు, పాలు అడుగుతారు. పోతూ పోతూ తల్లిని కూడా "ఒంటికి బాగా వెళ్తున్నావా, తడుస్తోందా" అని అడగండి. అత్తగారు పక్కన లేనప్పుడు అడగండి.

పెళ్లిళ్ల సంగతి వేరే ఉపసంఘం చెబుతుంది కానీ ఒక్క ముక్క. మన రాష్ట్రంలో 20 నుంచి 24 ఏళ్ల ఆడపిల్లల్లో 100కి 29 మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయిందని అదే సర్వే. ఎముకలు ఇంకా పెరగని పిల్లకు బిడ్డ తల ఇరుక్కోక ఏమవుతుంది?

తీర్మానం పుస్తకం కార్యదర్శి గారి దగ్గర ఉంది. మూడు అంశాలూ రాసి ఉన్నాయి, గ్రామ సంఘం లీడర్లు భోజనాలకు వెళ్లేముందు చదివి, ఒప్పుకుంటే సంతకాలు పెట్టండి. ఒప్పుకోని వాళ్లు కారణం రాయండి, వచ్చే నెల మీటింగులో మాట్లాడుకుందాం. భోజనాల తర్వాత ఏఎన్ఎం మేడం వెనక గదిలో సాయంత్రం నాలుగింటిదాకా ఉంటారు. కసరత్తు ఎలా చెయ్యాలో చూపిస్తారు, ఇబ్బంది ఉన్నవాళ్లు చెప్పుకోవచ్చు. తలుపు వేసే ఉంటుంది, పేర్లు రాయరు, మగవాళ్లు అటు రారు.